రసీదు లేని రూపాయి



మొన్న మీటింగులో లెక్కలు చదువుతున్నప్పుడు "ఇతర ఖర్చులు" అన్న పద్దు దగ్గర ఎవరూ నోరెత్తలేదు. అది ఒక కాగితం కదలడానికి ఇచ్చిన డబ్బని అందరికీ తెలుసు. అత్తిబెలెలో మనలో చాలామందిమి ఊరు వదిలి వచ్చినవాళ్లం, గొడవెందుకని ఇచ్చేశాం. కోశాధికారి గారు ఒక్కరే "ఇలా రాయడం నాకిష్టం లేదండీ" అన్నారు. నవ్వేశాం. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంటికొచ్చాక చినువా అచెబె నవల "నో లాంగర్ ఎట్ ఈజ్" గుర్తొచ్చింది. నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చిన 1960లోనే అదీ వచ్చింది. అందులో లాగోస్‌లో బతుకుతున్న ఉమువోఫియా ఊరివాళ్లకు మనలాంటి సంఘమే ఉంటుంది. డబ్బు పోగుచేసి ఓబీ అనే కుర్రాణ్ణి ఇంగ్లండుకు చదువుకు పంపుతారు. తిరిగొచ్చి సర్కారు ఉద్యోగంలో చేరతాడు. మొదట్లో లంచమంటే అసహ్యం. కానీ పెద్ద ఉద్యోగి పెద్దగానే కనిపించాలని ఊరివాళ్ల కోరిక. సంఘం బాకీ, కారు ఖర్చు, తమ్ముడి ఫీజు మీదపడి చివరికి చెయ్యి చాస్తాడు. ఇరవై పౌండ్ల దగ్గర దొరికిపోతాడు. అంత చిన్న మొత్తానికి దొరికాడే అని సంఘం వాళ్ల బాధ!

ఇది ఆఫ్రికా సంగతే అనుకోకండి. విశాఖలో వకీలుగా పనిచేసిన మన రావిశాస్త్రి గారు "ఆరు సారా కథలు"లో చూపించిందీ ఇలాంటి లోకాన్నే. మద్యనిషేధం పేరు చెప్పి బాగుపడేవాళ్లు కొందరు, నలిగిపోయేది పేదవాళ్లు.

మరి ఆశ లేదా? ఘనా రచయిత ఐ క్వే ఆర్మా 1968లో రాసిన "ది బ్యూటిఫుల్ వన్స్ ఆర్ నాట్ యెట్ బార్న్" చదవండి. అందులో ఒక రైల్వే గుమాస్తా. పేరు కూడా ఉండదు. లంచం వద్దంటాడు, ఇంట్లో భార్య చేత మాటలు పడతాడు. ప్రభుత్వం కూలిపోయాక కూడా దారిలో పోలీసుకు బస్సు డ్రైవరు డబ్బిస్తూనే ఉంటాడు. గుమాస్తా గెలవలేదు. కానీ మారలేదు. నాకు కనిపించిన ఆశ అదే.

అలాంటి మనిషి మన మధ్య ఒకరుంటే నవ్వేశాం. కోశాధికారి గారూ, క్షమించండి. వచ్చే మీటింగులో నేనొక తీర్మానం పెడతాను: రసీదు రాని రూపాయి సంఘం ఇవ్వదు. పని ఆలస్యమైతే కానిద్దాం. బలపరిచేవాళ్లు ఒక్కరైనా చెయ్యెత్తండి.