థలసీమియా: తల్లిదండ్రులకు లేని జబ్బు బిడ్డకెలా వస్తుంది?

ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది: "మా బాబుకు ఏడాది. ఆరో నెల దాకా బొద్దుగా ఉండేవాడు. తరవాత పాలిపోయాడు. పాలు సరిగా తాగడు. పొట్ట ఎత్తుగా కనిపిస్తోంది. రక్తం పట్టడానికి రెండు రకాల టానిక్కులు వాడినా గుణం లేదు. పెద్దాసుపత్రిలో పరీక్ష చేసి థలసీమియా మేజర్ అన్నారు. మా వారు నాకు మేనత్త కొడుకు. మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. ఇది మా అమ్మ తరఫు నుంచే వచ్చిందని అత్తగారు అంటున్నారు. నాకు మళ్లీ రెండో నెల. ఏం చెయ్యమంటారు?"

సమయం మించకూడదని ఆమెకు జవాబు ముందే పోస్టులో పంపాను. ఈ సందేహాలు చాలామందికి ఉండేవే గనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అసలు ఈ జబ్బేమిటి?

ప్రాణవాయువును ఒళ్లంతటికీ మోసుకుపోయేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్. దీని తయారీకి ఇనుముతోపాటు ఆల్ఫా, బీటా అనే రెండు రకాల ప్రొటీను గొలుసులు కావాలి. మామూలు రక్తహీనతలో సాధారణంగా ఇనుము చాలదు. థలసీమియాలో కొరత గొలుసులది. వాటిని తయారుచేయించే జన్యువులోనే లోపం ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది బీటా గొలుసు లోపం. ఇటుకలే లేనప్పుడు సిమెంటు ఎంత తెచ్చి పోసినా గోడ లేవదు గదా! టానిక్కులు పనిచేయకపోవటానికి కారణం ఇదే.

తల్లి కడుపులోనూ, పుట్టిన కొత్తలోనూ బిడ్డ రక్తంలో బీటా గొలుసు అక్కరలేని వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. అది తగ్గి పెద్దల రకం రావలసిన వేళకు జబ్బు బయటపడుతుంది. అందుకే చాలామంది పిల్లల్లో ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య గుర్తిస్తాం. ప్లీహం, కాలేయం వాచి పొట్ట ఎత్తుగా అవుతుంది. పల్లెల్లో "బల్ల పెరిగింది" అనేది ఈ ప్లీహం వాపునే. ఇది దిష్టీ కాదు, అంటువ్యాధీ కాదు.

ఎవరి వైపు నుంచి వచ్చింది?

ప్రతి ఒక్కరికీ బీటా జన్యువులు రెండుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. వాటిలో ఒక్కటే చెడితే రెండోది పని నెట్టుకొస్తుంది. కాస్త రక్తం తక్కువ ఉండవచ్చు గాని మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. వీరిని థలసీమియా మైనర్ అంటాం. మైనర్ ఎన్నటికీ ముదిరి మేజర్ కాదు. మన దేశంలో ప్రతి వందమందిలో సుమారు ముగ్గురు నలుగురు ఇలాంటివారే. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

బిడ్డకు మేజర్ రావాలంటే తల్లీ, తండ్రీ ఇద్దరూ చెరొక చెడిన జన్యువు ఇవ్వాలి. కాబట్టి కోడలినొక్కదాన్నే అనటం అన్యాయం. అబ్బాయి వైపు నుంచీ సగం వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మేనరికంలో ఇద్దరికీ తాతముత్తాతలు ఒకరే గనుక ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. అలాగని బయటి సంబంధమైతే భయం లేదనుకోకూడదు.

ఇద్దరూ మైనర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ రావటానికి రూపాయిలో పావలా వంతు, మైనర్ రావటానికి అర్ధరూపాయి వంతు, ఏ లోపమూ లేకపోవటానికి పావలా వంతు అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది గనుక ఇక రాదనుకోవద్దు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదలు.

బిడ్డకు చికిత్స

రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. మళ్లీ ఎక్కించే నాటికి హిమోగ్లోబిన్ 9 గ్రాముల కంటె దిగకుండా చూసుకుంటే బిడ్డ చక్కగా ఎదుగుతాడు. అయితే ఒక్కో రక్తపు సీసాతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. మన శరీరం రోజుకు వదిలించుకోగలిగేది సుమారు ఒక మిల్లీగ్రాము మాత్రమే. మిగిలింది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. అందుకని ఫెరిటిన్ పరీక్ష చేయిస్తూ, ఇనుమును బయటికి పంపే డిఫెరాసిరాక్స్ వంటి మందులు డాక్టరు చెప్పినట్లు మానకుండా వాడాలి. ఈ బిడ్డకు ఇనుము టానిక్కు పొరపాటున గూడా పట్టించవద్దు.

తోబుట్టువు మూలుగ సరిపోతే మూలుగ మార్పిడితో జబ్బు నయం కావచ్చు. సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. చిన్న వయసులో చేయిస్తే ఫలితం మెరుగు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో థలసీమియాను గూడా చేర్చారు. ఆ ధ్రువపత్రం తీసుకోండి.

గర్భంతో ఉన్నవారు

ముందు భార్యాభర్తలకూ, జబ్బున్న బిడ్డకూ రక్తంలో జన్యుపరీక్ష చేసి లోపం ఏదో కనుక్కోవాలి. తరవాత 10 నుంచి 12 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే లోపలి బిడ్డ సంగతి తెలుస్తుంది. ఆ గడువు దాటితే 16 వారాల తరవాత ఉమ్మనీరు పరీక్ష ఉంది. బిడ్డకు మేజర్ అని తేలితే గర్భం ఉంచుకోవటమా, చట్టప్రకారం తీయించుకోవటమా అన్నది దంపతులు నిర్ణయించుకోవలసిన విషయం. ఎవరూ బలవంతపెట్టకూడదు.

ముందే తెలుసుకోవచ్చు

మామూలు రక్తపరీక్షలో ఎర్రకణాలు చిన్నవిగా ఉండి, ఇనుము మందులకు లొంగకపోతే అనుమానించాలి. హిమోగ్లోబిన్ ఏ2 కొలిచే పరీక్షతో మైనర్ సంగతి సాధారణంగా తేలిపోతుంది. బీటా జన్యువు విషయంలో జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. ఇనుము లోపం బాగా ఉన్నప్పుడు ఫలితం తారుమారు కావచ్చు గనుక ఆ మాట డాక్టరుతో చెప్పండి. 1970ల నుంచి ఇలా పరీక్షలు జరిపిన సైప్రస్ ద్వీపంలో మేజర్ బిడ్డలు పుట్టటం దాదాపు ఆగిపోయింది.

పెళ్లి కావలసినవారు, బిడ్డను కోరుకుంటున్న దంపతులు ఈ పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఒకరికి థలసీమియా ఉందని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వారి జీవిత భాగస్వాములు అందరూ చేయించుకోవాలి. మైనర్ అని తేలితే పెళ్లి మానుకోనక్కరలేదు, దాచుకోనూ అక్కరలేదు. అవతలివారికి మైనర్ గాని, సికిల్ సెల్ వంటి ఇతర హిమోగ్లోబిన్ లోపం గాని లేకపోతే బిడ్డకు ఈ బాధ ఉండదు.