మూల చెడని విండో

కంప్యూటరు ఆటను రూపొందించే విద్యార్థి తన ప్రతిభనంతా వీరుని పరుగుమీద, శత్రువు ఎత్తుగడలమీద వెచ్చిస్తాడు. మాటలు కనిపించే విండోను మాత్రం ఒక బొమ్మగా గీసి, అతికించి ఊరుకుంటాడు. ఇది స్వల్ప విషయమని కొందరు అనవచ్చు. రెండు భాషల నీడలో చదువుకొనే మనం అలా అనుకోవడం తగదని నా అభిప్రాయం.

గుండ్రని మూలల ముచ్చట నేటిది కాదు. 1981లో ఆపిల్ సంస్థలో బిల్ అట్కిన్సన్ వృత్తాలను, అండాకారాలను వేగంగా గీసే పద్ధతిని సాధించినప్పుడు, గుండ్రని మూలల దీర్ఘచతురస్రం కూడా కావాలని స్టీవ్ జాబ్స్ కోరాడు. అక్కరలేదన్న అట్కిన్సన్‌ను వీధిలోకి తీసుకొనిపోయి, అటువంటి ఆకారాలు ఎన్ని ఉన్నాయో చూపించాడు. మరునాటికే ఆ పని నెరవేరింది.

అయితే విండో పరిమాణం మారినప్పుడే చిక్కు వస్తుంది. 96 పిక్సెళ్ళ చదరపు బొమ్మలో మూల వంపు 16 పిక్సెళ్ళు అనుకుందాం. దానిని 480 వెడల్పుకు, 192 ఎత్తుకు సాగదీస్తే ఆ వంపు 80 వెడల్పు, 32 ఎత్తు గల వికృతాకారమవుతుంది. దీనికి విరుగుడు పటాలు కట్టేవానికి తెలిసినదే. పటం ఎంత పెద్దదైనా అతడు మూలల నగిషీని సాగదీయడు. నడిమి బద్దలనే పొడవుగా కోస్తాడు. అట్లే బొమ్మను రెండు నిలువు గీతలతో, రెండు అడ్డు గీతలతో తొమ్మిది భాగాలు చేయాలి. నాలుగు మూలలు మారవు. పై, క్రింది అంచులు అడ్డంగానూ, ప్రక్క అంచులు నిలువుగానూ, నడిమి భాగం రెండు వైపులా సాగుతాయి. అంచులో లతలు, పూలు ఉంటే సాగదీయక, వాటినే వరుసగా పేర్చాలి. విండో 32 పిక్సెళ్ళకు తగ్గరాదు. తగ్గితే మూలలు ఒకదానిపై ఒకటి పడతాయి.

నగిషీలేని విండోకు బొమ్మ కూడా అక్కరలేదు. మూల భాగంలోని ప్రతి పిక్సెల్ వంపు కేంద్రానికి ఎంత దూరమో లెక్కించి, ఆ దూరం వ్యాసార్ధాన్ని మించితే వదలివేయవచ్చు. సరిహద్దులోని పిక్సెళ్ళను కొంత పారదర్శకం చేస్తే అంచు నునుపుగా కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఆంగ్లంలో ‘సేవ్’ అన్న మాటకు సరిపడే చోటు ‘భద్రపరచుము’ అన్న మాటకు చాలదు. తెలుగు వత్తులకు క్రింద చోటు కావాలి. నస్తాలీఖ్‌లో ఉర్దూ పదం కుడినుండి ఎడమకు వాలుగా దిగుతుంది కనుక మరింత ఎత్తు కావాలి. విండో పెరగకపోతే నలిగేది అక్షరమే. అప్పుడు “మన భాషలు కంప్యూటరుకు పనికిరావు” అన్న నింద పడుతుంది. ఆ దోషం భాషది కాదు, విండోను బిగించినవానిది.

కావున కళాశాల కమిటీవారికి నా విన్నపం ఒక్కటే. విద్యార్థులు తయారుచేసే ప్రతి ఆటనూ తెలుగులోనూ, ఉర్దూలోనూ తెరిపించి చూచిన పిదపనే మార్కులు వేయండి. మిత్రులారా! భాషకు తగినట్లు విండోను పెంచుదాం. విండో కోసం భాషను కుదించవద్దు.