పాత లేత్‌ను తూకానికి వేయొద్దు

పెరటి షెడ్డులో ఉన్న మన నాలుగున్నర అడుగుల లేత్‌ను పాత ఇనుప అంగడికి తూకానికి వేసేద్దామని ఇంట్లో మాట నడుస్తా ఉంది. పొంగలికి అందరం కలిసినప్పుడు తేల్చేద్దామని పెదనాయన అన్నాడు. ఆ లోపల నా మాట ఇక్కడ రాసి పెడుతున్నా. హోసూరులోనో మదురైలోనో ఉన్న మన చుట్టాల ఇళ్ళల్లో కూడా ఇట్లాంటి మిషను ఒకటి దుమ్ము పట్టి ఉండొచ్చు. వాళ్ళకూ ఇది పనికొస్తుంది.

అమ్మొద్దు అంటున్నా. "పంపుసెట్టు జాబులు రావడం మానేశాయి, ఇంక దాంతో పనేముంది?" అంటే నా జవాబు ఒక్కటే. కలాలు చేద్దాం. ఇత్తడి కలాలు, చూడ్డానికి అందంగా, రాయడానికి సుఖంగా ఉండేవి.

కలమే ఎందుకు? బుష్ తిప్పినా లేత్ పనే కదా అంటారు. బుష్ పని ఎవరో ఇచ్చిన డ్రాయింగుతో మొదలై, వాళ్ళ బండి ఎక్కడంతో ముగుస్తుంది. కలం అట్లా కాదు. జానెడు కడ్డీలో లేత్ మీద నేర్చుకోవాల్సిన పాఠం దాదాపు అంతా ఉంది: కొస చదును చేయడం, నడిమికి సూటిగా రంధ్రం వేయడం, వాలుగా తిప్పడం, మర కోయడం, పట్టుకోసం నర్లింగ్, చివరికి మెరుగు. చెడిపోతే పోయేది జానెడు ఇత్తడి. ఆ రజను కూడా అంగడివాడు కొంటాడు.

సులభమని మాత్రం అనుకోవద్దు. 12 మిల్లీమీటర్ల లావు, 140 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఇత్తడి కడ్డీ 130 గ్రాములు దాటి తూగుతుంది. నడిమికి 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసినా ఇంకా 100 గ్రాములు. దాంతో నాలుగు వరుసలు రాస్తే వేళ్ళు లాగుతాయి. బయట తిప్పి తిప్పి సగటు లావు 9 మిల్లీమీటర్లకు దించితే తూకం 40 గ్రాముల దగ్గరకు వస్తుంది. అప్పటికి గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటరే. అక్కడ చేయి వణికితే కడ్డీ పోయినట్టే.

అందుకే వరుస తప్పకూడదు. ముందు రంధ్రం, తర్వాత బయటి ఆకారం. ఇంత లోతుకు పోయే డ్రిల్ ఎంతో కొంత పక్కకు జరుగుతుంది. బయట ముందే తిప్పేస్తే గోడ ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా మిగులుతుంది. రంధ్రం వేశాక రెండు కొసలనూ ఆ రంధ్రంలోనే సెంటర్లతో పట్టుకుని తిప్పాలి. డ్రిల్‌ను కొంచెం దించడం, బయటికి లాగి రజను దులపడం, మళ్ళీ దించడం. ఓపిక లేనివాడి డ్రిల్ లోపలే విరుగుతుంది. ఇనుముకు నూరిన టూల్ ఇత్తడికి పెట్టకూడదు, కరిచి లాగేస్తుంది. దాని మొన పైభాగం చదునుగా నూరాలి.

మొదటి ఏడాది రీఫిల్ కలాలే చాలు, సిరా కలాల జోలికి పోవద్దు. లోహం చేతి వేడిని తొందరగా లోపలికి పంపుతుంది. లోపలి గాలి ఉబ్బి సిరా బొట్టు కారుతుంది. పైగా సిరా ఇత్తడిని తింటుంది. ఎబోనైట్‌తో ఆ తంటా తక్కువ.

ఎబోనైట్ అంటే రాజమండ్రి గుర్తొస్తుంది. అక్కడ రత్నం గారు 1932లో లేత్ మీద స్వదేశీ కలం తయారు చేశారు. 1935లో గాంధీ గారు ఆ కలంతో రాసి, అంగళ్ళలో దొరికే విదేశీ కలాలకు ఇది సరిపోతుందని ఉత్తరం పంపారు. అక్కడ పరీక్షకు నిలబడింది కలం రాత. మనకూ అదే కొలత కావాలి. ముందు రాయాలి, తర్వాత మెరవాలి. రాగి ఉంగరం పొదగండి, గీతలు చెక్కండి, పేరు చెక్కండి. కానీ వేళ్ళు పట్టుకునే చోట ఏ గీతా గుచ్చుకోకూడదు. షోకేసులో పడుకునే కలానికి ఇంత కష్టం దండగ.

లేత్‌కు తెలుగులో తరిమెన అని పాత మాట ఉంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు తరిమెన పట్టినవే. కాబట్టి ఇది ఫ్యాక్టరీలతో వచ్చిన విద్య మాత్రమే కాదు. ఇక మన కోయంబత్తూరు సంగతి చెప్పాలా? 1937లో దేశంలో తొలి మోటారు చేసిన ఊరు ఇది. చేసిన జి.డి. నాయుడు గారు, బాలసుందరం నాయుడు గారు ఇద్దరూ తెలుగు ఇళ్ళవాళ్ళే. ఇంజనీరింగుకు నాలుగేళ్ళు దండగ, రెండేళ్ళు చాలని వాదించి, ఒప్పుకోకపోతే కాలేజీ బాధ్యతే వదులుకున్న మనిషి జి.డి. నాయుడు గారు. మన పిల్లలు నాలుగేళ్ళు చదివీ చక్ బిగించడం తెలియకుండా బయటికి వస్తున్నారు.

"చదువుకునే పిల్లలకు ఏంటికి ఈ ప్రమాదం?" అని అత్త అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. నియమాలు పెట్టుకుందాం. కళ్ళద్దాలు లేకుండా షెడ్డులోకి రాకూడదు, ఇత్తడి రవ్వలు సూదుల్లా ఎగురుతాయి. గ్లౌజులు, చున్నీ, విరబోసిన జుట్టు వద్దు. చక్ తాళం చక్‌లో వదిలి స్విచ్ వేయకూడదు. లేత్ మీద సులభంగా తెగే ఇత్తడిలో సీసం కలిసి ఉంటుంది, చేతులు కడగందే అన్నం ముట్టకూడదు. ఆడపిల్లలకూ ఇవే నియమాలు, వాళ్ళకూ ఇదే పని.

"అంగట్లో ఇరవై రూపాయలకు కలం దొరుకుతుంది కదా" అనేది ఇంకో మాట. దొరుకుతుంది. ఆ ధరతో మనం పోటీ పడలేం, పడకూడదు. మన కలానికి ఒక పూట పని పడుతుంది, ఆ పూట కూలి లెక్కకట్టి ధర చెప్పాలి. చుట్టరికం పేరు చెప్పి ఊరికే చేయించుకునే అలవాటు మొదటి రోజే మానుకోవాలి.

అసలు పోయేది మిషను కాదు. మన షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేసిన పెద్ద టర్నరు ఇంకా అదే వీధిలో ఉన్నాడు. టూల్ మొన మొద్దుబారిందని శబ్దం విని చెబుతాడు. "వెంట్రుకవాసి తియ్, చాలు" అని ఆయన తెలుగులోనే నేర్పేవాడు. మన పిల్లలకు తెలుగు అన్నం దగ్గర, పండగ దగ్గర వినబడుతుంది, పని దగ్గర వినబడదు. కలం తిప్పితే తెలుగు రాయడం వచ్చేస్తుందని నేను చెప్పను. పనిలో వాడే తెలుగు మాత్రం చెవిన పడుతుంది. లేత్‌ను రేపు డబ్బు పెట్టి మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆయన్ను కొనలేం.

నేను అడిగేది ఇంతే. ఒక్క ఏడాది ఆగండి. నెలకు రెండు ఆదివారాలు ఆయన్ను పిలిచి, రోజు కూలి ఇచ్చి, ఇష్టమున్న పిల్లలను ఆయన దగ్గర నిలబెడదాం. బెల్టు మార్పించడం, ఇత్తడి కొనడం నా ఖర్చు. వచ్చే పొంగలికి పన్నెండు రాసే కలాలు రాకపోతే లేత్‌ను తూకానికి వేయండి, నేను అడ్డం చెప్పను.