బంతి తన్నడం వేరు, నేర్పడం వేరు

మన ఇళ్లలో ఆటకి కూడా వయోపరిమితి వుంది. పదో తరగతి దాకా ఆడితే పిల్లవాడు చురుకైనవాడు. ఆ పైన ఆడితే చెడిపోతున్నవాడు. ఇక ఫుట్‌బాల్ నేర్పడమే వృత్తిగా పెట్టుకుంటాను, దానికోసం విశ్వవిద్యాలయంలో చేరతాను అన్నాడో, ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు.

"బంతి తన్నడానికి పట్టా ఎందుకండీ?" అని అడిగేవారికి నేను సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు చెబుతాను. ఆయన ఉస్మానియాలో చదువుకున్న బడిపంతులు. వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకున్నారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తాలో ఏం జరిగిందో చూడండి. వెనక కాపు కాసే జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మరొకరైతే గట్టున కూర్చోబెట్టేవారు. రహీం గారు అతన్ని ముందు వరసకి పంపారు. అతను సెమీఫైనల్లో ఒక గోలు, ఫైనల్లో ఒక గోలు కొట్టాడు. దక్షిణ కొరియా మీద మనవాళ్లు 2–1తో గెలిచారు. మరుసటి ఏడాది జూన్‌లో రహీం గారు కాన్సర్‌తో కన్నుమూశారు. ఎవరిలో ఏముందో కనిపెట్టి, దాన్ని ఎక్కడ వాడాలో తెలుసుకోవడం కాలి బలంతో వచ్చేది కాదు. అది పంతులుగారి విద్య.

ఆ విద్యకి ఈనాడు పాఠ్యక్రమాలు వున్నాయి. పిల్లల ఎముకలు, కండరాలు ఏ వయస్సులో ఎంత శ్రమకి ఓర్చుకుంటాయి, ఓడిపోయిన కుర్రవాడితో ఏం మాట్లాడాలి, ఏడాది పొడుగునా సాధనని ఎలా పంచాలి — ఇవన్నీ చదువుతారు. అయితే గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకోలేం గదా! అందుకని మంచి కోర్సుల్లో విద్యార్థిని మైదానంలోకి దింపుతారు. నిజమైన పిల్లలకి నేర్పమంటారు. అనుభవజ్ఞుడొకరు పక్కన నిలబడి తప్పులు రాసుకుంటారు.

మా మేనకోడలికి ఈ పిచ్చే పట్టింది. సాయంకాలం మునిసిపల్ మైదానంలో చిన్నపిల్లలకి ఆట నేర్పే ఆయనకి సాయం వెళుతుంటుంది. ఒకనాడు నేనూ వెళ్లి చూశాను. ఇరవైమంది పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక్క బంతి ఇవ్వలేదు. నలుగురేసి చొప్పున అయిదు జట్లు చేసి, జట్టుకో బంతి ఇచ్చింది.

"ఎందుకే ఇన్ని బంతులు?" అన్నాను.

"వరసలో పెడితే వాడు బంతి తాకేది పది నిమిషాలకోసారి మావయ్యా! మిగతా తొమ్మిది నిమిషాలూ నిలబడ్డమే నేర్చుకుంటాడు" అంది.

మా బావగారు బాంకు గుమాస్తా. ఆయన దాచుకున్నది ఒక్క పిల్ల చదువుకి సరిపోతుంది. రెండోసారి ప్రయత్నానికి మిగలదు. కాబట్టి ఆయన భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. ఆయనకి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

దేశంలోనే దారులున్నాయి. పాటియాలాలో 1961లో నెలకొల్పిన జాతీయ క్రీడా సంస్థ శిక్షకులకి డిప్లొమా ఇస్తుంది. 2018 చట్టంతో మణిపూర్‌లో ఏర్పడిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయంలో స్పోర్ట్స్ కోచింగ్‌లో డిగ్రీయే వుంది. వీటికి తోడు ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే లైసెన్సులు వేరే వున్నాయి: డి, సి, బి, ఎ, అన్నిటి పైన ప్రో. డిగ్రీ వచ్చినంత మాత్రాన లైసెన్సు వచ్చినట్టు కాదు సుమా! పెద్ద క్లబ్బులు అడిగేది లైసెన్సు. ప్రభుత్వ బడిలో వ్యాయామ ఉపాధ్యాయ ఉద్యోగానికైతే బి.పి.ఎడ్. వంటి పట్టా కావాలి. మూడూ ఒకటే అనుకుని డబ్బు కట్టినవాళ్లు తర్వాత చిక్కుల్లో పడతారు.

బ్రిటన్‌లో ఇందుకు ప్రత్యేకమైన డిగ్రీలే వున్నాయి. వేల్స్‌లోని సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం అలాంటిదొకటి. కాని అక్కడ విద్యార్థి వీసా మీద వెళ్లినవారు వృత్తి శిక్షకులుగా సంపాదించుకోవడానికి వీల్లేదు. చదువులో భాగమైన అభ్యాసం వేరు, జీతం కోసం చేసే కొలువు వేరు. "శని ఆదివారాలు కోచింగ్ చేసి ఫీజు కట్టుకుంటుంది" అని ఏ ఏజెంటయినా చెబితే, నిబంధన కాగితం మీద చూపించమనండి.

ఏ కాలేజీకి వెళ్లినా తల్లిదండ్రులు నాలుగు ప్రశ్నలు అడగాలి. వారానికి ఎన్ని గంటలు మైదానంలో వుంటారు? ఎవరికి నేర్పుతారు? పక్కనుండి దిద్దేదెవరు? చివర చేతికి వచ్చే కాగితం ఏ ఉద్యోగానికి చెల్లుతుంది? జవాబు బదులు రంగుల బొమ్మల పుస్తకం చేతిలో పెడితే, నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

అంతకన్నా ముందు, రుసుము లేని పరీక్ష ఒకటుంది. మీ అబ్బాయిని గాని, అమ్మాయిని గాని ఒక వేసవి అంతా పేటలో పిల్లలకి ఆట నేర్పమనండి. నెల తిరిగేసరికి విసిగిపోతే, ఆ ఇష్టం ఆట మీదే. సెలవులు అయిపోయాక కూడా ఆ పిల్లలు వచ్చి మీ తలుపు తడుతూంటే మాత్రం, దరఖాస్తు ఫారం తెప్పించండి.