ఊళ్లో ఉచిత లాయరు హక్కు, కువైట్‌లో దయ

కోనసీమ నుంచో కడప జిల్లా నుంచో ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఒక దళిత మహిళ, కఫీల్ ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక బయటికొచ్చేసిందనుకుందాం. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉంటుంది. పనిమనిషి పారిపోయిందని అతను కేసు పెడతాడు. దాంతో అకామా పోతుంది, ఆమె 'ఖల్లివల్లి' అవుతుంది. రావాల్సిన జీతం అడగాల్సిన మనిషే పోలీసులకు కనపడకుండా తిరగాలి.

ఇదే మహిళకు సొంతూళ్లో కేసు పడితే చట్టం ఆమె పక్షాన ఒక లాయర్ని పెడుతుంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. అది హక్కు. విమానం ఎక్కగానే ఆ హక్కు ఇక్కడే ఆగిపోతోంది.

అక్కడ మిగిలేది భారత రాయబార కార్యాలయంలోని ప్రవాసుల సంక్షేమ నిధి. 2009లో మొదలైన ఈ నిధి నుంచి లాయరు ఖర్చు, తిరుగు టికెట్ ఇవ్వొచ్చు. కానీ బాగా అర్హులని అధికారులు తేల్చినవారికే ఇస్తారు. పాస్‌పోర్టు వంటి సేవలకు ప్రవాసులు కట్టే రుసుములోంచే ఆ నిధికి డబ్బు చేరుతుంది. కూలీల డబ్బుతో నడిచే నిధి ముందు కూలీ చేయి చాచి నిలబడాల్సి రావడం మాకు అన్యాయంగా కనిపిస్తోంది.

అర్హత దగ్గరే మనవాళ్లు దెబ్బతింటున్నారు. పదో తరగతి పాస్ కానివారికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. ఈ పాస్‌పోర్టు ఉన్న మహిళ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలి. రక్షణ కోసమే పెట్టిన నిబంధన ఇది. కానీ బడి మధ్యలో మానేసి, అప్పు నెత్తిన పెట్టుకున్న వాడల ఆడవాళ్లకు ముందు దొరికేది సబ్ ఏజెంటే. అతను విజిట్ వీసా మీద పంపేస్తాడు. అలా వెళ్లిన మనిషి పేరు ప్రభుత్వ రికార్డుల్లో ఉండదు. అగ్రిమెంటు ఉండదు, 10 లక్షల ప్రవాసీ బీమా ఉండదు. రేపు లాయరు అడిగే మొదటి కాగితమే ఆమె దగ్గర లేదు.

కువైట్‌లో చట్టం లేదా అంటే ఉంది. ఇంటిపనివారి కోసం 2015లో చేసిన 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంటుంది, వారానికో సెలవు ఇమ్మంటుంది, పాస్‌పోర్టు లాక్కోవద్దంటుంది. అయితే ఆ ఫిర్యాదును అరబీలో రాసేదెవరు? ఆమె గోడు తెలుగులో వినేదెవరు?

అందుకే చాలామంది క్షమాభిక్ష కోసం ఎదురుచూస్తారు. 2018లోనూ, 2024 మార్చి నుంచి జూన్ వరకూ కువైట్ అలాంటి అవకాశం ఇచ్చింది. జరిమానా లేకుండా ఇల్లు చేరొచ్చు. కానీ కఫీల్ ఎగ్గొట్టిన జీతం అందులో రాదు. తప్పు చేసినవాడి లెక్క తేలకుండానే, బాధితురాలు క్షమాపణ పొంది తిరిగొస్తుంది.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో 5 లక్షల పరిహారం ప్రకటించింది. సంఘాలు ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన ఆ నిర్ణయాన్ని ఆహ్వానిస్తున్నాం. బతికుండగా కూడా సాయం అందాలన్నదే మా మాట. ఉచిత న్యాయ సహాయం రాయబార కార్యాలయాల్లోనూ హక్కు కావాలి. వీసా ఏదని చూడకుండా లాయర్ని, తెలుగు దుబాసీని ఇవ్వాలి. తిరిగొచ్చినవారి తరఫున అక్కడ జీతం కేసు నడిపే ఏర్పాటు ఉండాలి.

ఈలోగా మన చేతిలో ఉన్న పని చేద్దాం. వెళ్లేవారి పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు, ఏజెంటుకిచ్చిన డబ్బు రసీదు నకళ్లు ఇంట్లో పెట్టించాలి. లైసెన్సున్న ఏజెంటైనా 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఏజెంటు మోసం చేస్తే 15100కు ఫోన్ చేయొచ్చు, లేదా జిల్లా కోర్టులోని న్యాయ సేవల సంస్థకు వెళ్లొచ్చు. అక్కడ లాయర్ని అడగడం మన హక్కు. ముందు దాన్ని వాడుకుందాం.