పేదల గుట్టు రట్టు, కాంట్రాక్టు గుట్టు పదిలం

ఆంధ్రప్రదేశ్‌లో టెండర్ల విధానం ఐదేళ్లలో రెండుసార్లు తలకిందులైంది. 2019 ఆగస్టులో రివర్స్ టెండరింగ్ వచ్చింది. 100 కోట్ల రూపాయలు, అంతకు మించిన పనుల టెండర్లను ముందుగా ఒక న్యాయమూర్తి పరిశీలించాలని అదే ఏడాది చట్టం చేశారు. ప్రభుత్వం మారాక, 2024 ఆగస్టులో మంత్రివర్గం రివర్స్ టెండరింగ్‌ను రద్దు చేసి పాత పద్ధతికి మళ్లింది. కొద్ది నెలలకే న్యాయ పరిశీలన చట్టమూ రద్దయింది. రెండు సందర్భాల్లోనూ నడిచిన వాదన ఒక్కటే: పని ఎవరికి, ఎంతకు దక్కింది? ఆ పనితో లేచిన ఇంట్లో కాపురం ఉండబోయే మనిషి ఆ వాదనలో ఎక్కడా కనిపించడు.

నర్సీపట్నంలో ఇళ్ల లబ్ధిదారుల దగ్గర రివర్స్ టెండరింగ్ మాట ఎత్తితే ఎవరికీ పట్టదు. ‘ఆర్‌ఎల్ (రూఫ్ లెవెల్) బిల్లు పడలేదు’, ‘ఫోటో ఎక్కలేదు’, ‘మ్యాపింగ్‌లో మా పేరు ఇంకో ఇంట్లో చూపిస్తోందట’ – వాళ్ల నోట వినిపించేవి ఇవి. వీటిలో ఒక్కటి కూడా సిమెంటు కొరతో ఇసుక కొరతో కాదు. అన్నీ సమాచారపు లెక్కల్లో వచ్చిన చిక్కులే. ఇల్లు కట్టడానికి ప్రభుత్వం సిమెంటు, ఇనుము కొన్నట్టే సాఫ్ట్‌వేర్‌నూ, సర్వేలనూ, సర్వర్లనూ కొంటోంది. మొదటి రకం కొనుగోళ్ల మీద ఏళ్ల తరబడి రాజకీయం నడిచింది. రెండో రకాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. దేశంలో ఆ దారి పట్టిన తొలి రాష్ట్రాల్లో మనది ఒకటి. అంతకుముందు టెండరు పెట్టె దగ్గరే మనుషుల్ని కాపలా పెట్టి, బయటివాళ్లను షెడ్యూలు వేయనివ్వకుండా తరిమేసిన రోజులు ఇంజినీరింగ్ శాఖల్లో పనిచేసినవాళ్లకు బాగా తెలుసు. బిడ్డు కంప్యూటర్‌లోకి వెళ్లాక ఆ దౌర్జన్యం చాలావరకు తగ్గింది. సమాచారం వెలుగులోకి రావడం వల్లే ఆ సంస్కరణ పనిచేసింది. కాకపోతే ఆ వెలుగు పని అప్పగించే రోజుదాకానే పడింది. అగ్రిమెంటు మీద సంతకం అయ్యాక కొలతలు ఎం-బుక్‌లోకి, కాంక్రీటు పరీక్షల నివేదికలు ఫైల్లోకి, ఫైలు బీరువాలోకి వెళ్లిపోతాయి.

రివర్స్ టెండరింగ్ కూడా పని అప్పగించే ధర చుట్టూనే ఇంకో చుట్టు తిరిగింది. ధరల బిడ్లు తెరిచాక, అందులో తక్కువ ధరను ఆధారంగా పెట్టి మళ్లీ వేలం పెట్టేవారు, ఇంకా ఎవరు దిగుతారో చూసేవారు. పట్టణ పేదల కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిస్తున్న బహుళ అంతస్తుల ఇళ్లకూ ఈ పద్ధతి పెట్టారు. వందల కోట్లు ఆదా అయ్యాయని నాటి ప్రభుత్వం ప్రకటించింది. ఆదా నిజమే అనుకుందాం. ఆ మేరకు ఇంట్లో ఏం తగ్గిందో చెప్పే పత్రం ఏదైనా ప్రజల ముందుంచారా? కాంట్రాక్టర్ల భాషలో ‘లెస్‌కు’ (అంచనా కంటే తక్కువకు) వేసిన పని ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. లాభంలో సర్దుకుంటే మంచిదే. క్యూరింగ్ రోజుల్లో, పైపుల నాణ్యతలో, మురుగు కాలువల్లో సర్దుకుంటే ఆ నష్టం ముప్పై ఏళ్లపాటు ఆ ఇంటి మీదే పడుతుంది.

టిడ్కో ఇళ్ల నిర్మాణాన్ని గమనిస్తే సమాచారం ఎంత విలువైనదో తెలుస్తుంది. ఇవి షియర్‌వాల్ పద్ధతిలో కట్టినవి. ఇటుక గోడ ఉండదు. షట్టరింగ్ బిగించి గోడలు, శ్లాబు కాంక్రీటుతోనే పోస్తారు. కరెంటు వైర్ల గొట్టాలు ముందే అమర్చి కాంక్రీటు పోసేస్తారు. పని వేగంగా సాగుతుంది, గోడ గట్టిగా ఉంటుంది. కానీ పదేళ్ల తర్వాత గోడలో ఎక్కడో చెమ్మ దిగితే మామూలు ఇంట్లోలా మేస్త్రీని పిలిచి నాలుగు ఇటుకలు తీయించడం కుదరదు. లోపల ఏ గొట్టం ఎటు పోయిందో, కమ్మీ ఎక్కడుందో చూపించే పటం కావాలి. కట్టింది కట్టినట్టు గీసిన ఆ పటం కాంట్రాక్టర్ దగ్గర ఉంటుంది, లేదా ఇంజినీర్ల దగ్గర ఉంటుంది. ఇంటి తాళంచెవితో పాటు ఆ పటం కాపీని కూడా నివాసుల సంఘానికి అప్పగించాలన్న షరతు టెండరులో ఉండాలి. దానికయ్యే ఖర్చు కాగితం ఖర్చే. ఏ వేలంలోనూ ఒక్క రూపాయీ పెరగదు. అయినా ఆ షరతు కోసం ఏ పార్టీ పట్టుబట్టలేదు.

లోపాల బాధ్యత సంగతీ ఇంతే. పని పూర్తయ్యాక నిర్ణీత గడువులోపు బయటపడే లోపాలను కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలని అగ్రిమెంట్లలో ఉంటుంది. ఆ గడువు ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ముగుస్తుంది? ఇంట్లో ఉండేవాళ్లకు తెలియదు. టిడ్కో ఇళ్లలో ఈ ప్రశ్న మరీ కష్టమైనది. నిర్మాణం చాలావరకు అయ్యాక కూడా ఏళ్లపాటు అప్పగించకుండా ఉండిపోయిన సముదాయాలు రాష్ట్రంలో ఉన్నాయి. ఖాళీగా ఉన్న ఇంట్లో లోపం బయటపడదు, గడువు మాత్రం కరిగిపోతుంది. ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు వాయిదా కట్టమని నోటీసులు అందుకున్న కుటుంబాలకు ఇది రెండో దెబ్బ.

ఇక స్థలం పట్టా ఇచ్చి, లబ్ధిదారే ఇల్లు కట్టుకునే పద్ధతి. 2020 డిసెంబరు 25న గత ప్రభుత్వం మొదలుపెట్టిన కాలనీల్లో ఇంటికి 1.80 లక్షల రూపాయలు ఇచ్చారు. పట్టణాల్లో అందులో లక్షన్నర కేంద్రం పీఎంఏవై వాటా. ఇసుక ఉచితం, సిమెంటు ఇనుము తక్కువ ధరకు. సొంతంగా కట్టుకోలేమన్నవాళ్లకు ప్రభుత్వమే కట్టించే ఐచ్ఛికం. ఇక్కడ పెద్ద టెండరు కనపడదు. డబ్బు కదిలించేది ఫోన్‌లోని యాప్. పునాది లేస్తే ఒక ఫోటో, గోడలు శ్లాబు మట్టానికి వస్తే ఒక ఫోటో, శ్లాబు పడితే ఇంకో ఫోటో. గ్రామ, వార్డు సచివాలయ ఇంజినీరింగ్ సిబ్బంది వచ్చి జియోట్యాగింగ్‌తో ఫోటో తీసి పంపితేనే స్టేజీ మారుతుంది, బిల్లు పడుతుంది.

ఈ ఫోటోల పద్ధతి ఊరికే రాలేదు. ఇందిరమ్మ ఇళ్ల పథకం కాలంలో కాగితం మీద లేచి నేల మీద లేని ఇళ్లకు బిల్లులు చెల్లించారన్న ఆరోపణల మీద విచారణలు జరిగాయి. దాంతో దొంగ ఇళ్లను పట్టుకోవడానికి జియోట్యాగింగ్ తప్పనిసరైంది. ఆ ఉద్దేశాన్ని కాదనలేం. కానీ వ్యవస్థ మొత్తాన్నీ లేని ఇంటిని పట్టుకోవడానికే తయారుచేశారు, ఉన్న ఇల్లు లెక్కలోంచి జారిపోతే ఏం చేయాలో అందులో లేదు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోయినా, సిబ్బంది బదిలీ అయినా, లాగిన్ మూసేసినా శ్లాబు పోసిన కుటుంబం వడ్డీకి తెచ్చిన డబ్బుతో ఎదురుచూస్తూ కూర్చోవాలి.

అర్హత నిర్ణయంలో ఇంకా కఠినమైన పరిస్థితి. ఆరంచెల తనిఖీలో ఆదాయం, భూమి, నాలుగు చక్రాల వాహనం, 300 యూనిట్ల కరెంటు వాడకం, ప్రభుత్వ ఉద్యోగం, పన్ను చెల్లింపు లాంటివి కంప్యూటర్ చూస్తుంది. చూసేది వ్యక్తిని కాదు, కుటుంబంగా మ్యాప్ చేసిన గుంపును. భర్త పోయి పుట్టింటికి చేరిన ఆడపడుచు తమ్ముడి ఇంట్లో మ్యాప్ అయి ఉంటే తమ్ముడి కారు ఆమె కారవుతుంది. అద్దెకుండే మనిషి ఆధార్ యజమాని మీటర్లకు కలిసిపోతే వాటి యూనిట్లన్నీ ఆ పేదవాడి వాడకమే అవుతాయి. ‘అనర్హులు’ అని ఒక్క మాట వస్తుంది. ఏ పట్టికలోని ఏ వరుస వల్ల అనర్హత వచ్చిందో చెప్పే కాగితం, ఇన్ని రోజుల్లో సరిచేయాలన్న గడువు ఉండాలి కదా? ఆ సాఫ్ట్‌వేర్ కొన్న రోజునే ఈ షరతు రాసి ఉంటే అది కంపెనీ బాధ్యత అయ్యేది. రాయలేదు కాబట్టి సచివాలయం గుమ్మం ముందు నిలబడటం ఆ మనిషి బాధ్యత అయింది.

సమాచారం ఎవరికి చెందాలో ఆలోచించకుండా వ్యవస్థలు కొంటే ఏమవుతుందో మనకు ఒకసారి అనుభవమైంది. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల వివరాలు బహిరంగంగా ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, కులం, మతం అన్నీ కలిపి కనిపించాయి. తర్వాత వాటిని తొలగించారు. ఒక్కసారి ఆలోచించండి. ఇల్లు అడిగిన నేరానికి పేదవాడి కులమూ ఖాతా నంబరూ లోకానికి తెలిశాయి. అదే ఇంటి కాంక్రీటు క్యూబు పరీక్షలో ఎంత బలం చూపిందో, ఆ పరీక్ష ఎవరు చేశారో అదే వెబ్‌సైట్‌లో వెతికితే దొరికేదా? దాచాల్సింది చాటి, చాటాల్సింది దాచిన పాలన ఇది.

2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కాబట్టి భయం లేదనుకుంటే పొరపాటు. సబ్సిడీలు, ప్రయోజనాలు ఇచ్చేందుకు ప్రజల సమాచారాన్ని మళ్లీ సమ్మతి అడగకుండానే వాడుకునే వెసులుబాటు అదే చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. మరోపక్క, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనలోంచి ప్రజాప్రయోజన మినహాయింపును తీసేసింది. పేదవాడి కోసం పుట్టిన కవచం రేపు బిల్లుల జాబితాకూ, కాంట్రాక్టర్ పేరుకూ ముసుగు కాకూడదంటే, ఏది బహిరంగమో టెండరు పత్రంలోనే ముందుగా రాసిపెట్టుకోవాలి.

బ్రిటన్ ఈ పాఠాన్ని ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 2017 జూన్‌లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. అది పేదలు, సామాన్యులు ఉండే సామాజిక గృహ సముదాయం. మరమ్మతుల్లో ఖర్చు తగ్గించుకునే క్రమంలో జింకు పలకల బదులు త్వరగా మంటలంటుకునే చౌక పలకలు బిగించారు. ఆ తర్వాత ఎత్తయిన నివాస భవనాల నిర్మాణ వివరాలన్నీ డిజిటల్‌గా భద్రపరచి, చేతులు మారినా తెగకుండా ఉంచాలని 2022 చట్టం ఆదేశించింది. 2020లో రోచ్‌డేల్‌లో సామాజిక గృహంలోని బూజు వల్ల అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పసివాడు చనిపోయాక, ఫిర్యాదుకు గడువులోగా స్పందించాలన్న నిబంధన ఆ బిడ్డ పేరుతోనే వచ్చింది. 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన వారి కొత్త కొనుగోళ్ల చట్టం ప్రకారం, 50 లక్షల పౌండ్లు దాటిన కాంట్రాక్టులకు సాధారణంగా కనీసం మూడు పనితీరు కొలమానాలు పెట్టి, కాంట్రాక్టర్ వాటిని అందుకున్నాడో లేదో ఏటా ప్రకటించాలి. పని అప్పగించాక కూడా వెలుగు పడటమంటే ఇదీ.

అంత దూరం పోనక్కర్లేదు. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకతకు చట్టాలు చేసుకున్నాయి. కేంద్రం 2012లో తెచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు పార్లమెంటులో మురిగిపోయింది. మనం ఎక్కువగా జీవోలతో నెట్టుకొస్తున్నాం. అందుకే ప్రభుత్వం మారిన ప్రతిసారీ విధానం మారుతోంది. ఇళ్ల విషయంలో రివర్స్ టెండరింగ్ పోవడం మంచిదేనని నా అభిప్రాయం. పేదల ఇల్లు ధర దిగేదాకా వేలం పాడాల్సిన వస్తువు కాదు. కానీ న్యాయ పరిశీలనను తీసేసి, ఆ చోట మరే స్వతంత్ర తనిఖీనీ పెట్టకపోవడం తప్పు. ఆ పరిశీలన ఆలస్యానికి కారణమైతే గడువు బిగించాల్సింది. ధర ఒక్కటే కాక నాణ్యతకూ మార్కులు వేసే విధానాన్ని 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ పనులకూ అనుమతించింది, నాణ్యత వాటా 30 శాతం మించకూడదన్న పరిమితితో. ఆ మార్కులు అయినవాళ్లకు పని కట్టబెట్టే సాధనం అవుతాయన్న భయం ఉంది, అది న్యాయమైన భయమే. మార్కులు ఎందుకు వేశారో కారణాలతో సహా ప్రకటిస్తే ఆ భయానికి మందు దొరుకుతుంది.

డేటా సేవల టెండర్లకు నాలుగు షరతులు చాలు: సమాచారం ప్రభుత్వానిదీ ప్రజలదీ తప్ప కంపెనీది కాదని, కాంట్రాక్టు ముగిశాక మరొకరు వాడుకోగల రూపంలో అప్పగించి తమ దగ్గరి ప్రతులు తుడిచేయాలని, తప్పు సరిదిద్దడానికి రోజుల లెక్కన గడువు, దాటితే జరిమానా ఉండాలని, లీకైతే బాధితులకు నేరుగా తెలియజేయాలని. ఇవేవీ సాంకేతికంగా కొత్తవి కావు.

నర్సీపట్నం ఎమ్మెల్యే చింతకాయల అయ్యన్నపాత్రుడు 2024 జూన్ నుంచి శాసనసభ స్పీకర్. స్పీకర్ ఏ పార్టీ వాదనా వినిపించనక్కర్లేదు. సమగ్ర కొనుగోళ్ల చట్టం మీద సభలో తీరిగ్గా ఒక చర్చకు సమయం కేటాయించవచ్చు. ఈలోగా మున్సిపాలిటీ, గృహనిర్మాణ శాఖ కలిసి పట్టణంలోని ప్రతి ఇళ్ల లేఅవుట్ దగ్గరా ఒక బోర్డు పెట్టాలి: పని చేసిన కాంట్రాక్టర్ ఎవరు, అగ్రిమెంటు విలువ ఎంత, నాణ్యత పరీక్ష ఫలితాలు ఏమిటి, లోపాల బాధ్యత ఏ తేదీ వరకు, తప్పులు సరిచేయాల్సిన అధికారి హోదా, ఫోన్ నంబరు. లబ్ధిదారుల పేర్లు, ఆధార్, కులం ఆ బోర్డు మీద ఉండకూడదు. ఇందుకు కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఈ ఆర్థిక సంవత్సరంలోనే చేయవచ్చు.