అచ్చులో దైవం - అపచారం ఎవరిది?

గుడిలోని మూర్తికి ఆగమం ఉంది, అర్చకుడున్నాడు, నిత్యకైంకర్యం ఉంది. అచ్చయిన దేవుడి బొమ్మకు ఇవేవీ లేవు. అది ముద్రణాలయం గడప దాటిన క్షణం నుంచి దాని గౌరవమంతా, దాన్ని చేతబట్టిన ప్రతి మనిషి వివేకం మీదే ఆధారపడి ఉంటుంది. పత్రికల్లో, ప్రకటనల్లో, సరుకుల పొట్లాలపై దేవతామూర్తుల చిత్రణ గురించి తరచుగా చెలరేగే వివాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

అచ్చుబొమ్మ మనకు చేసిన మేలును మరువరాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయాన్ని నెలకొల్పిన తరువాత లక్ష్మీ సరస్వతుల పటాలు సామాన్యుల ఇళ్లకు చేరాయి. ఆలయ ప్రవేశానికే నోచుకోని వారి గుడిసెల్లోనూ దైవదర్శనం సాధ్యమైంది. ఆ తరువాత శివకాశి క్యాలెండర్లు దేవుణ్ణి ప్రతి గోడ మీదికీ తెచ్చాయి. కనుక దేవుడి బొమ్మను అసలు అచ్చు వేయరాదనడం పరిష్కారం కాదు. అది భక్తులకే నష్టం.

మరి అపచారాన్ని నిర్ణయించేదెలా? మన రాష్ట్రంతో ముడిపడిన ఒక వ్యాజ్యం ఇందుకు ఉపకరిస్తుంది. 2013లో ఒక ఆంగ్ల వాణిజ్య పత్రిక క్రికెటర్ మహేంద్రసింగ్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో ముఖచిత్రంగా ప్రచురించింది. అనేక హస్తాల్లో శంఖచక్రాలకు బదులు వ్యాపార వస్తువులున్నాయి. వాటిలో ఒకటి పాదరక్ష. భక్తుల మనసు నొచ్చుకుంది. అనంతపురం న్యాయస్థానంలో ఫిర్యాదు దాఖలైంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానం ఆ కేసును కొట్టివేసింది. మత విశ్వాసాలను అవమానించాలన్న బుద్ధిపూర్వకమైన, దురుద్దేశపూరితమైన చర్య అయితేనే అది నేరమవుతుందని, అజాగ్రత్త వల్ల జరిగినది ఆ పరిధిలోకి రాదని తేల్చింది. 1927లో శిక్షాస్మృతిలో చేరిన 295-ఎ సెక్షన్ సారాంశం అదే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 299వ సెక్షన్ కూడా ఆ ఉద్దేశాన్నే ప్రమాణంగా తీసుకుంటుంది.

ఈ తీర్పు కొందరికి రుచించకపోవచ్చు. కానీ నిదానంగా ఆలోచిస్తే మన సంప్రదాయం చెప్పేదీ ఇదే. రాముణ్ణి భద్రాచల రామదాసు నిలదీశాడు. శ్రీకాకుళ ఆంధ్ర మహావిష్ణువును కాసుల పురుషోత్తమకవి శతకమంతటా నిందాస్తుతి చేశాడు. మాటలు నిందలే, భావం శరణాగతి. భావాన్ని బట్టే మనవారు వాటిని నెత్తిన పెట్టుకున్నారు. ఏ రూపం, ఏ మాట అని కాక, ఏ బుద్ధితో అన్నదే ఇక్కడ ప్రధానం.

అయితే నేరం కానిదంతా ఒప్పు కాదు. చట్టం శిక్షించలేని చోట సంస్కారం నిలబడాలి. ముఖచిత్రం గీయించే సంపాదకుడికి, ప్రకటన రాయించే వ్యాపారికి, ఆ రూపం కోట్లాది మందికి ఆరాధ్యమన్న స్పృహ ఉండాలి. వ్యాపారం విషయంలో చట్టం కొంత ముందుచూపు చూపింది. మత విశ్వాసాలను నొప్పించే గుర్తులను ట్రేడ్‌మార్కులుగా నమోదు చేయరాదని 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం చెబుతోంది. అగరుబత్తీల వ్యాపారంలో 'రామాయణ్' అనే పేరును ఒకరు సొంతం చేసుకోబోగా, పవిత్రగ్రంథం పేరుపై ఎవరికీ గుత్తాధిపత్యం ఉండదని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇక మన ఇళ్ల సంగతి. దీపావళి నాడు పూజించిన లక్ష్మీదేవి బొమ్మనే టపాకాయపై ఉంచి నిప్పంటిస్తున్నాం. తెల్లవారితే ఆ ముక్కలు వీధిలో కాళ్ల కింద పడి ఉంటాయి. గోడ పక్కన మూత్రవిసర్జన చేయకుండా దేవుళ్ల పలకలు అతికిస్తున్నాం, స్వామిని కాపలాదారుగా నిలబెట్టి. శుభలేఖ మీద వినాయకుణ్ణి, వేంకటేశ్వరుణ్ణి ముద్రిస్తున్నాం. పెళ్లి అయిన మర్నాడు అది చెత్తబుట్ట పాలవుతోంది. ఇటువంటి భక్తి అనుబంధాలలో అచ్చయిన బొమ్మలూ అంతే, వారం తిరిగేసరికి బజ్జీల పొట్లాలవుతున్నాయి. వీటిలో ఏ ఒక్కటీ ద్వేషంతో జరుగుతున్నది కాదు. పరాయివాడి అపచారంపై ఆగ్రహించే మనం, మన చేతి అపచారాన్ని గమనించడం లేదు.

జీర్ణమైన మూర్తిని ఎలా ఉద్వాసన చెప్పాలో ఆగమాలు విధించాయి. కాగితపు పటానికి అంత తంతు అక్కరలేదు. శుభలేఖపై బొమ్మకు బదులు స్వస్తిక్‌తో, శ్రీకారంతో సరిపెట్టుకోవచ్చు. దేవుడి బొమ్మ ఉన్న టపాకాయలను కొనకుండా ఉంటే తయారీదారుకు వేరే హెచ్చరిక అవసరం లేదు. పాతబడిన పటాలను నదిలో కలిపితే రంగులూ గాజుముక్కలూ జలాన్ని కలుషితం చేస్తాయి. గంగను కలుషితం చేయడమూ అపచారమే. చట్రాన్ని వేరుచేసి, కాగితాన్ని నమస్కరించి, ఎవరూ తొక్కని చెట్టు మొదట మట్టిలో కలపడం ఉత్తమం.

ఎక్కడైనా అనుచిత చిత్రణ కనబడితే ముందుగా ప్రచురణకర్తకు మర్యాదగా ఉత్తరం రాయండి. తెలియక చేసినవాడైతే సరిదిద్దుకుంటాడు. తెలిసి, కించపరచాలనే చేశాడని ఆధారాలుంటే చట్టం ఉండనే ఉంది. నినాదాలతో, విధ్వంసంతో ఆ బొమ్మను మరింతమందికి చూపించినవారమవుతాం తప్ప స్వామి గౌరవం పెరగదు. మన ఇంటి గోడ మీది పటానికి మనమిచ్చే మన్ననే లోకానికి మొదటి పాఠం కావాలి.